మొదటి గేరులో ఆగిన బండి

తాళం తిప్పితే ముందు దీపం వెలుగుతోంది, హారను నొక్కితే వీధి చివర పడుకున్న కుక్క తలెత్తి చూసేంతగా మోగుతోంది, స్టార్టు బొత్తాం నొక్కితే మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు. మళ్లీ నొక్కింది. బొటనవేలి కొస తెల్లబడేదాకా నొక్కింది. ఇంట్లో మాటా పలుకూ లేని మనిషి ఒకరు చాలరూ, ఇప్పుడు నువ్వు కూడానా అని బండిని అడిగి, అడిగినందుకు తనమీద తనకే విసుగొచ్చి, ఆమె సీటుమీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయింది. అరచేతులకు దుమ్ము మెత్తగా తగిలింది. తుడవాలి. మరిది వచ్చేలోపు తుడవాలి, స్టార్టు చేసి కాసేపు ఇంజను ఆడించాలి. నాకు తీరిక లేదు వదినా, నువ్వు కాస్త వేడెక్కించి ఉంచు, నేను వచ్చి ఎక్కి వెళ్లిపోతానని ఫోనులో అన్నాడు, పాలు కాచి ఉంచమన్నంత తేలిగ్గా. వారం కిందట బ్యాటరీ ఊడదీసి తీసుకెళ్లి, చార్జింగు పెట్టించి తెచ్చి బిగించింది అతనే, కాదనకూడదు, కానీ బిగించినవాడు ఒక్కసారి నొక్కి చూసి పోవచ్చు కదా. ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య ఉన్న సందు ఇది, గేటు దగ్గర ఎత్తుగా మొదలై లోపలికి వాలుగా దిగుతుంది, ఆ వాలు చివర ముందు చక్రం గోడకు ఆనించి బండి నిలబడి ఉంది, దాని వెనక భాగం సందుకు అడ్డంగా ఉంది. చక్రాల కుర్చీని బయటికి తీయాలంటే రోజూ దాన్ని ఏటవాలుగా తిప్పి, ఓ చక్రం గాల్లోకి లేపి, భర్త బరువంతా తన మోచేతిమీద మోసి దాటించాలి. అందుకే ఇచ్చేస్తానంది. ఇచ్చేస్తానన్న మాట పూర్తికాకముందే తీసుకుంటానన్నాడు మరిది.

కుర్చీ ఇవాళ బండికి రెండు అడుగుల దూరంలోనే ఉంది, ఎండ అక్కడే పడుతుంది కాబట్టి. సర్వేయరు అందులో కూర్చుని ఉన్నాడు. ఊళ్లో అందరూ ఆయన్ని సర్వేయరు అనే అంటారు, ఉద్యోగం పోయినా పేరు పోలేదు. కుడిచెయ్యి ఒళ్లో ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది, ఎడమచెయ్యి కుర్చీ చేతిమీద ఉంది. ఆమె ఆయన వంక చూడలేదు. తెల్లవారకముందు నుంచీ ఆయన్నే చూస్తోంది, దుప్పటి మార్చింది, ఒళ్లు తుడిచింది, చొక్కా చేతిలోకి ముందు పనిచెయ్యని చెయ్యి దూర్చి తర్వాత పనిచేసే చెయ్యి దూర్చింది, పాలలో నానబెట్టిన రొట్టె చెంచాతో పెట్టింది, నోరు తెరువు, మింగు, ఇంకో ముద్ద, అయిపోయింది, కాలెత్తు. పెళ్లైన కొత్తలో మీరు అని మొదలెట్టిన నోరు, కోపంలో కూడా మీరు తప్పని నోరు, ఎప్పుడు నువ్వులోకి దిగిందో ఆమెకే తెలియదు. చంటిపిల్లాణ్ణి మీరు అని ఎవరంటారు, చెంచా పట్టుకుంటే నువ్వే వస్తుంది. డాక్టరు ఆ రోజుల్లోనే చెప్పాడు, మెదడులో ఎడమపక్క దెబ్బ తిన్నదమ్మా, మాట పోయింది, మనం చెప్పేది ఎంత అర్థమవుతుందో ఇప్పుడే చెప్పలేమని. ఆ ఇప్పుడే అన్నది ఎప్పటికీ తేలలేదు. ఒక్క మాట మిగిలింది, 'అదే' అన్నది. నీళ్లు కావాలా అంటే అదే, వద్దా అంటే అదే, నొప్పిగా ఉందా అంటే అదే, ఈ కిటికీ మూయనా అంటే అదే అదే అదే. అన్నింటికీ ఒకే జవాబు చెప్పేవాడు అసలు జవాబు చెప్పనట్టే. మొదట్లో ఆ అదేకి అర్థాలు వెతికింది, గొంతు ఎత్తిందా దించిందా అని చెవి పెట్టి విన్నది, తర్వాత అలిసిపోయింది. ఆయన నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదని అత్తగారు అంటూండేది. పుట్టాడమ్మా, రక్తనాళమంత సన్నంగా పుట్టాడు అని ఇప్పుడు ఆవిడకి చెప్పాలనిపిస్తుంది, ఆవిడ లేదు.

గేరు తీసి చూడు వదినా అన్నాడు మరిది, ఇందాక మళ్లీ ఫోను చేస్తే. గేరులో పెట్టినట్టున్నాడు అన్నయ్య, న్యూట్రల్‌లో పడితే ఆకుపచ్చ లైటు వెలుగుతుంది, అప్పుడు నొక్కు, ఇంతోటిదానికి నన్ను పనిలోంచి లేపుతావా అన్నాడు నవ్వుతూ. ఆమె ఎడమకాలి చెప్పు విడిచి, వేళ్లతో గేరు పుల్ల కింద పెట్టి ఎత్తింది, పైనుంచి తొక్కింది, అది సిమెంటులో పోతపోసినట్టుంది. చక్రం ముందుకూ వెనక్కూ కాస్త ఊగితే గేరు జారుతుందట, అదీ అతనే చెప్పాడు, కానీ ముందుకు ఊపుదామంటే గోడ, వెనక్కి లాగుదామంటే ఎత్తు. నడుం బిగించి లాగింది. జానెడు కూడా రాలేదు. వెన్నులో ఎక్కడో ఒక నరం చురుక్కుమని, రాత్రి ఆయన్ని పక్కకి తిప్పినప్పుడు చురుక్కుమన్న చోటే చురుక్కుమని, ఈ రోజుకి నా బరువుల కోటా అయిపోయిందని చెప్పినట్టు ఆగింది. మొదటి గేరులో పెట్టింది ఆయనే. వాలులో బండి ఆపితే గేరులోనే ఆపాలి, లేకపోతే స్టాండు జారుతుంది అనేవాడు, ఏ చిన్న పనికైనా ఒక సిద్ధాంతం ఉండాల్సిందే. ఆ సాయంత్రం కూడా పొలాలు కొలిచి వచ్చి, బూట్ల నిండా మట్టితో, ఇద్దరు అన్నదమ్ముల గట్టు తగాదా గురించి గేటు దగ్గర మొదలెట్టి వంటింటి దాకా చెప్పుకుంటూ వచ్చాడు, ఆమె ఊ కొడుతూ వేరే ఏదో ఆలోచిస్తోంది, ఏమాలోచించిందో ఇప్పుడు గుర్తులేదు, మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ అద్దం ముందు కూలిపోయాడు. అంటే ఈ గేరు బండిమీద ఆయన ఎడమకాలు చేసిన ఆఖరి పని. ఇన్నాళ్లూ ఆ పని అలాగే ఉంది. ఆమె చెప్పు వేసుకుని, ఆ ఆలోచనను అక్కడే వదిలేసింది, ఇలాంటివాటి వెంట పోతే పొద్దు గడవదు.

పాలకేంద్రంలో అయితే ఇలా నిలబడి బండిని తిట్టుకునేది కాదు. అక్కడ ఆమె పని పాలు పరీక్ష చెయ్యడం, క్యాను తర్వాత క్యాను, నీళ్లు కలిశాయా, సోడా కలిసిందా, పులుపు ఎంత. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి, రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు అని కొత్తవాళ్లకు ఆమే చెప్పేది. దీర్ఘకాలం సెలవు పెట్టి వచ్చాక ఆ మాటలన్నీ వేరే ఎవరో అన్నట్టున్నాయి. సరే, ఒక్కటొక్కటే. దీపం వెలుగుతోంది, హారను మోగుతోంది, అంటే బ్యాటరీ మంచిదే. బొత్తాం నొక్కితే లోపల టక్కుమన్న చప్పుడు కూడా లేదు, అంటే బొత్తాం నుంచి అక్కడికి కబురే వెళ్లడం లేదు. ఎవరో మధ్యలో ఆపుతున్నారు. ఎవరు? దీని గురించి ఆయన ఎప్పుడో చెప్పాడు. ఎప్పుడు? వాన. అవును, వాన పడుతోంది, ఏదో ఊరికి పోతూ రైలు గేటు దగ్గర ఆగితే బండి ఆగిపోయింది, ఇద్దరూ తడుస్తున్నారు, వెనక లారీ వాడు హారను మోగిస్తున్నాడు, అలాంటప్పుడు కూడా ఆ మనిషి ఉపన్యాసం ఆపలేదు. చూశావా, దీనికి మన మీద నమ్మకం లేదు. న్యూట్రల్‌లో ఉంటే ఏ ప్రశ్నా వెయ్యదు, నొక్కగానే స్టార్టవుతుంది. గేరులో ఉంటే మాత్రం అడుగుతుంది, స్టాండు ఎత్తావా, క్లచ్ పట్టుకున్నావా అని. రెండింటికీ అవునన్న జవాబు తీగల్లోంచి రావాలి. ఒక్కటి రాకపోయినా స్టార్టు కాను పో అంటుంది. ఎందుకో తెలుసా, గేరులో ఉండగా అట్టే స్టార్టయితే ఒక్క దూకు దూకి మనల్ని పడేస్తుంది కాబట్టి. ఆమె తడిసిన చీర పిండుకుంటూ, నాకు ఇవన్నీ ఎందుకండీ, ముందు పోనివ్వండి అంది. పోనిచ్చాడు. అప్పుడు ఏం చేసి పోనిచ్చాడో ఆమె చూడలేదు, లారీ వాడికేసి చూస్తోంది.

స్టాండు, క్లచ్. ముందు ఏది? ఆమె క్లచ్ అనుకుని కుడివైపు పిడి పట్టుకుంది.

టప్పుమని చప్పుడైంది. తల తిప్పింది. ఆయన ఎడమచెయ్యి కుర్చీ చేతిమీద ఉంది, అరచెయ్యి తెరుచుకుని. ఈగ కాబోలు అనుకుంది. పిడి నొక్కింది, అది బ్రేకు, ముందు చక్రం దగ్గర ఏదో బిగిసింది. టప్. ఈసారి చూస్తుండగానే కొట్టాడు. ముఖంలో ఒక సగం కదలలేదు, రెండో సగంలో మాత్రం ఆమెకు బాగా తెలిసిన ఒక ముడత పడింది, మ్యాపు తలకిందులుగా పట్టుకున్న గుమాస్తాను చూసినప్పుడు పడే ముడత. ఆమె గుండెలో ఏదో ఒక్క అంగుళం కదిలింది, కదిలినదాన్ని వెంటనే నమ్మకూడదని కూడా తెలుసు, ఎన్నిసార్లు నమ్మలేదు, ఎన్నిసార్లు బొటనవేలు ఎత్తితే అవును దించితే కాదు అని చెప్పించి, పగలేనా ఇప్పుడు అంటే వేలు దించినప్పుడు గోడవైపు తిరిగి నిలబడలేదు. పరీక్ష పెట్టాలి. పాలను ముఖం చూసి నమ్మం కదా. ఆమె అద్దం మీద చెయ్యి వేసి, ఇదా అంది. టప్. ముందు దీపం మీద వేసింది, ఇదా. టప్. పెట్రోలు ట్యాంకు మూత తాకింది. టప్, దాంతోపాటు అదే అన్నాడు, విసుగ్గా, నోరు చెప్పేది వినకు, చెయ్యి చూడు అన్నట్టు. ఆమె చెయ్యి ఎడమవైపు పిడి మీద వేసింది. ఇదా? ఆయన చెయ్యి గాల్లోకి లేచింది, ఆగింది, కిందికి దిగలేదు. తర్వాత ఊరుకోక ఎడమకాలు ముందుకు చాపి, మడమతో గాలిని వెనక్కి తన్నాడు. మళ్లీ తన్నాడు. స్టాండా? చెయ్యి కొట్టలేదు. ముందు స్టాండా? కొట్టలేదు. క్లచ్ తర్వాతా? కొట్టలేదు. కళ్లు మాత్రం, ఇంత చిన్న విషయానికి ఇన్ని ప్రశ్నలా అన్నాయి.

స్టాండు ఎత్తడమంటే బండి బరువు మొత్తం తనమీదికి తీసుకోవడం. ఆమె హ్యాండిలు రెండు చేతులా పట్టి, తుంటితో తోసి నిటారుగా నిలబెట్టి, కాలితో స్టాండు వెనక్కి కొట్టింది, అది టంగుమని మడుచుకుంది. బండి తొడకు ఆని ఆగింది. ఈ పని ఆమె ఒంటికి కొత్త కాదు, రోజూ ఒక మనిషిని ఇలాగే తొడకు ఆనించుకుని మంచం మీంచి కుర్చీలోకి మారుస్తోంది. ఎడమచేత్తో క్లచ్ పిడి దగ్గరికి లాగింది, నాలుగు వేళ్లూ వేసి గట్టిగా. కుడి బొటనవేలితో నొక్కింది. ఏమీ లేదు. ఆయన వైపు చూసింది. స్టాండు ఎత్తాను, క్లచ్ పట్టాను, రెండింటికీ అవునన్నాను, అయినా నమ్మడం లేదు. ఆయన కాసేపు బండినే చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు, పొలం గట్టు మీద నిలబడి రాయి ఎక్కడ పాతారో వెతికే చూపు. అప్పుడు ఎడమచెయ్యి ఎత్తి, వేళ్లు మడిచి, చూపుడువేలితో తన బొటనవేలి మొదట్లో కింద పొడిచి చూపాడు. మళ్లీ పొడిచాడు. పిడి మొదట్లోనా? కిందా? చెయ్యి కొట్టలేదు. ఆమె బండిని తొడతో ఆపుకుంటూనే వంగి చూసింది. పిడి ఇరుసు దగ్గర, అడుగున, గోళీకాయంత మట్టిముద్ద, దానికి చిన్న బెజ్జం. కందిరీగ. ఇన్నాళ్లుగా కదలకుండా నిలబడ్డ బండిలో సంసారం పెట్టుకుని, పిల్లల్ని లేవదీసుకుని వెళ్లిపోయింది. తలలోంచి పిన్ను తీసి గీకింది, మట్టి పొడిగా రాలింది, రాలినదాని వెనక రెండు సన్నటి తీగలు, వాటి మధ్య చీమ తలకాయంత మీట. క్లచ్ పట్టుకుంటే ఆ మీట బయటికి రావాలి కాబోలు, మట్టి పట్టి లోపలే ఉండిపోయింది, అందుకే నువ్వు క్లచ్ పట్టలేదని బండి మంకుపట్టు పట్టింది. పిన్ను కొసతో నొక్కి వదిలింది. రాలేదు. నోటితో ఊదింది, కళ్లలో దుమ్ము పడింది, మళ్లీ నొక్కి వదిలింది, నొక్కి వదిలింది. టిక్. ఇంత చిన్న చప్పుడు. అది ఆయనకు కూడా వినపడిందని ఆమెకు ఆయన వీపు చెప్పింది, కుర్చీలోంచి ఒక్క వేలెడు ముందుకు వచ్చింది.

క్లచ్ లాగి బొత్తాం నొక్కింది. లోపల ఏదో ఆవులించింది, దగ్గింది, ఆగింది. ఆయన బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏదో బయటికి లాగినట్టు చూపాడు. చోకా? ఉంది, ట్యాంకు కింద, లాగింది. మళ్లీ నొక్కింది. దగ్గు, ఇంకో దగ్గు, వెనక నుంచి నల్లటి పొగ, ఆ తర్వాత సందు గోడలు రెండూ ఒక్కసారి మోగాయి, ఇంజను అందుకుంది. ఆమె కాళ్ల కింద నేల సన్నగా వణుకుతోంది. బండి మొదటి గేరులో ఉంది, ముందు గోడ ఉంది, వదిలితే గోడకు కొడుతుంది, వేళ్లు నొప్పి పుడుతున్నాయి, నెత్తి మీద చెమట, ఇప్పుడేం చెయ్యాలో ఆమెకు తెలియదు. ఆయన అరచెయ్యి బోర్లా పెట్టి పైకి ఎత్తాడు, కొంచెం, కొంచెమే, ఎత్తేసి ఆపాడు, పూర్తిగా ఎత్తబోతున్నట్టు చూపించి దానికి టప్పుమని కొట్టాడు. సగమే ఎత్తాలి. ఆమె కాలివేళ్లతో గేరు పుల్ల ఎత్తింది, ఇంజను ఆడుతుంటే అది ఇందాకటిలా మొరాయించలేదు, వెన్నలో చాకులా జారింది, హ్యాండిలు మధ్యలో ఆకుపచ్చ దీపం వెలిగింది. "వదిలెయ్యమంటారా?" అని అరిచింది, చప్పుడు మీదుగా. ఆయన చెయ్యి కొట్టలేదు. మెల్లగా వదిలింది. బండి అక్కడే నిలబడి ఆడుతోంది, గుడగుడమని, ఎన్నో నెలల తర్వాత మేలుకున్నవాడిలా. స్టాండు వేసి, చేతులు దులుపుకుంటూ, "చూశారా, మీరు చెప్పినట్టే..." అంటూ ఆయనకేసి తిరిగింది, తిరిగి ఆగిపోయింది. మీరు అంది. మూడుసార్లు అన్నట్టుంది. నువ్వుతో అడగాల్సిన ప్రశ్నలు కావు ఇవి, అందుకే వచ్చింది కాబోలు. ముందు ఏది తర్వాత ఏది అడిగింది, చెప్పాడు. ఎంత ఎత్తాలో చెప్పాడు, ఎంత ఎత్తకూడదో చెప్పాడు. కంటికి కనపడని మీట ఎక్కడుందో చెప్పాడు. ఇది వేలు ఎత్తడం దించడం కాదు. ఈ మనిషికి అర్థం కాకపోవడం ఏమిటి, అంతా అర్థమవుతుంది, పోయింది నోరొక్కటే, లోపల సర్వేయరు సర్వేయరులాగే కూర్చుని ఉన్నాడు. అక్కకి చెప్పాలి. ఫోను ఎక్కడ పెట్టింది? అక్కకి ఫోను చేసి

అక్కకి.

ఇంజను ఆడుతూనే ఉంది, ఆమెకు వినపడడం మానేసింది. వర్షాకాలం కాదు, ఇంకా ముందు, కిటికీ తెరిచి ఉంది, ఆయన మంచం మీద కాళ్లు చాపి ఉన్నాడు, ఆమె కింద పీటమీద కూర్చుని ఆయన కాలిగోళ్లు తీస్తోంది, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని. అక్క అడుగుతోంది, ఎలా ఉన్నావే, నిద్ర పడుతోందా. ఏం నిద్రక్కా అంది. తర్వాత ఆమె అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఏడుపులో వచ్చింది కాదు, మామూలుగా, కరెంటు పోయిందన్నంత మామూలుగా వచ్చింది. ఆ రోజే పోయి ఉంటే ఆయనకీ సుఖం, నాకూ సుఖం అనిపిస్తుందక్కా ఒక్కోసారి. అక్క ఛఛ అంది. అప్పుడే ఆయన కాలు ఒక్కసారి కదిలింది, గోళ్ల కత్తెర చర్మానికి తగిలింది, చిన్న రక్తపు బొట్టు. "కదలకు" అని కసిరింది. కదలకు అంది. ఫోను పక్కన పెట్టి దూది తెచ్చి అద్దింది, మళ్లీ కాలు పట్టుకుని మిగతా గోళ్లు తీసింది. ఆ ఒక్కసారేనా? అతనితో, ఈ మరిదితో, ఆయన ముందే, ఆయనకేం తెలుస్తుందిలే, బండి నువ్వే తీసుకెళ్లు అంది. పక్కింటావిడతో, మనిషి లేడమ్మా, ఒళ్లు మిగిలింది అంది. గోడకు చెవులుంటాయని భయపడి గొంతు తగ్గించే మనిషి, ఈ చెవుల ముందు మాత్రం ఏదీ తగ్గించలేదు. చెవిటివాడి ముందు శంఖం అనుకుంది. శంఖం ప్రతిసారీ వినపడింది. విని అదే అన్నాడు. అదే అని తప్ప ఇంకోటి అనలేడు.

ఆమె తాళం తిప్పి ఇంజను ఆపింది. సందులో నిశ్శబ్దం ఎండలా పరుచుకుంది, వేడి ఇంజను ఎక్కడో టిక్ టిక్‌మంటూ చల్లారుతోంది. కుర్చీ ముందు గొంతుక్కూర్చుంది, మోకాళ్లు పటపటమన్నాయి. చేతులకి మట్టి, నూనె. ఆయన ముఖంలోకి చూడడం కష్టంగా ఉంది, చూసింది. అడక్కుండా ఉండొచ్చు. అడక్కపోతే ఎవరికీ తెలియదు, ఇవాళ్టి నుంచి జాగ్రత్తగా మాట్లాడితే సరిపోతుంది, ఆయన ఎలాగూ చెప్పలేడు. చెప్పలేడు అన్న మాట దగ్గరే ఆమె ఆగింది. ఆయన చెప్పలేడు కాబట్టే తను అడగాలి.

"గోళ్లు తీస్తూ అక్కతో అన్నాను," అంది. "ఆ రోజు. విన్నారా?"

ఆయన కుర్చీ చేతిమీద కొట్టలేదు. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు, పనిచెయ్యని చేతి పక్కన, కొట్టే వీలు కూడా లేకుండా. క్షమించండి అనాలి, అలిసిపోయి అన్నాను అనాలి, అది నిజమే, కానీ అలిసిపోయి అన్నా అన్నదే, అనుకున్నదే. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు, ఏడవడానికి కూడా కొంచెం ఓపిక కావాలి కాబోలు. తల వంచుకుని చేతి మట్టి రుద్దుకుంటూ కూర్చుంది. అప్పుడు ఆయన చెయ్యి మళ్లీ లేచింది. ఆమెను తాకలేదు. వేలు మడిచి తన ఛాతీ మీద పెట్టుకున్నాడు, తట్టాడు, ఆమె వంక చూపించాడు, మళ్లీ తన ఛాతీ మీద తట్టాడు. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. గుండె నొప్పా అంది, భయంగా. ఆయన కుర్చీ చేతిమీద కొట్టాడు, కాదని. మళ్లీ అదే చేశాడు, ఓపిగ్గా, ఆమెను చూపి, తనను చూపుకుని. నీకూ. నాకూ.

"మీకూ అనిపించిందా?" అంది.

చెయ్యి కొట్టలేదు.

"చాలాసార్లా?"

కొట్టలేదు.

వీధిలో ఎవరో తోపుడుబండి తోసుకుంటూ పోయారు. ఇద్దరూ ఆ చక్రం కీచుమనే చప్పుడు దూరమయ్యేదాకా విన్నారు. ఒకే గదిలో, పక్క పక్క మంచాల మీద, ఒకే మాట ఇద్దరూ వేరువేరుగా అనుకుంటూ ఇన్ని రాత్రులు పడుకున్నారన్నమాట, తెల్లారి లేచి ఒకళ్లు చెంచా పట్టుకుని, ఒకళ్లు నోరు తెరిచి. అది తెలిస్తే బరువు తగ్గుతుందనుకుంటారు ఎవరైనా. తగ్గలేదు. కానీ ఇప్పటిదాకా తను ఒక్కతే మోస్తున్నాననుకుంది, రెండో కొస కింద ఇంకో భుజం ఉందని తెలిసింది, అంతే. ఆమె అక్కడే నేలమీద కూలబడి, కుర్చీ చక్రానికి వీపు ఆనించింది. ఆయన చెయ్యి ఆమె తల పక్కన వేలాడుతోంది.

గేటు గడియ మోగి మరిది లోపలికి వచ్చాడు, ఎవరో స్నేహితుడు స్కూటరు మీద దింపి వెళ్లినట్టున్నాడు, చేతిలో హెల్మెట్టు, ముఖంలో తొందర. పొగ వాసన ఇంకా గేటు దాకా వస్తోంది వదినా, స్టార్టు చేసేశావే, నీకు ఇవన్నీ ఎప్పుడొచ్చాయి అంటూ వచ్చి, అన్న దగ్గర వంగి, చెవిటివాడితో మాట్లాడినట్టు బిగ్గరగా, ఒక్కో మాటా విడగొట్టి, బాగున్నావా అన్నయ్యా, తిన్నావా అని తల నిమిరాడు. ఆమె నెమ్మదిగా చక్రం పట్టుకుని లేచింది. మరిది అప్పుడే బండి చుట్టూ తిరుగుతున్నాడు, టైరు నొక్కుతున్నాడు, తాళం కోసం చెయ్యి చాపాడు. ఆమె తాళం ఇవ్వలేదు. వెళ్లి ఆయన ఎడమచేతి కింద, కుర్చీ చేతిమీద పెట్టింది.

"మీ అన్నయ్యనడుగు," అంది.

మరిది అటూ ఇటూ చూశాడు. ఏమడగాలి, నువ్వే కదా ఇస్తానన్నావు అన్నాడు.

"నేనన్నాను. బండి ఆయనది. మెల్లగా అరవకుండా అడుగు, వినపడుతుంది. చెయ్యి కొడితే కాదని, కొట్టకపోతే సరేనని."

జవాబు కోసం ఆగలేదు. లోపలికి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది, గోళ్ల సందుల్లో మట్టి పోలేదు, వదిలేసింది. పగటిపూట ఆ మంచం మీద నడుం వాల్చి ఎన్నాళ్లైందో. వాల్చింది. కిటికీలోంచి మరిది గొంతు సవరించుకోవడం వినపడింది. ఇన్నేళ్లూ అన్న చెప్పేది వినడమే తప్ప అన్నను ఏదైనా అడిగి ఎరుగని మనిషి, మాట వెతుక్కుంటున్నాడు కాబోలు. అన్నయ్యా, బండి... తీసుకెళ్లనా, అన్నాడు చివరికి, చిన్నప్పుడు సైకిలు అడిగినట్టు. ఇస్తాడు, అనుకుంది ఆమె కళ్లు మూసుకుని, తమ్ముడడిగితే ఏది ఇవ్వలేదు గనక, గడియారం ఇచ్చాడు, కొత్త గొడుగు ఇచ్చాడు, దీంతో సందు ఖాళీ అవుతుంది, కుర్చీ తిన్నగా తోసుకుపోవచ్చు, రేపటి నుంచి మోచెయ్యి

టప్.

ఆమె కళ్లు తెరిచింది. బయట మరిది నచ్చచెబుతున్నాడు, చిలక్కి చెప్పినట్టు చెబుతున్నాడు, దాన్ని తొక్కేవాళ్లెవరన్నయ్యా ఇక్కడ, ఊరికే ఉంటే తుప్పు పట్టిపోతుంది, వదినకి అడ్డం కూడా. టప్, టప్. సరే సరే, అర్థమైంది, కొట్టకు, అని మరిది నవ్వాడు, నవ్వులో కొంచెం భయం, కొంచెం ఇంకేదో. ఆమెకు ఒళ్లు మండింది. పొద్దుటి నుంచి నడుం విరగ్గొట్టుకున్నది ఎందుకు, కందిరీగ గూడు గీకింది ఎందుకు, ఆ సందులో రోజూ పడే పాట్లు ఆ మనిషి కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉన్నాడుగా, ఒక్కసారి సరేనంటే ఏం పోయింది, కొలిచిన గట్టు దగ్గర ఎంత మొండితనమో ఇక్కడా అంతే, ఏది పట్టుకుంటే అది వదలడు. లేచి వెళ్లి గట్టిగా నాలుగు మాటలు అడగాలనుకుంది. కాళ్లు లేవలేదు. పడుకున్న చోటి నుంచే గొంతు పెంచింది.

"ఉంచుకుంటే ఉంచుకోండి. ఇద్దరూ కలిసి దాన్ని గోడవారకి జరపండి అయితే. రోజూ దాటలేక చస్తున్నా ఇక్కడ."

బయట స్టాండు టంగుమని మడిచిన చప్పుడు, మరిది ఉస్సురనడం, టైరు కింద ఇసుక నలగడం. కాస్త ముందుకు, కాస్త వెనక్కు. మధ్యలో టప్పుమని ఒక దెబ్బ, ఇటు కాదు అటు అని కాబోలు, అబ్బా ఉండన్నయ్యా అని మరిది, మళ్లీ ఇసుక. బండి గోడవారకి చేరిందో లేదో ఆమెకు తెలియలేదు, అప్పటికే నిద్ర పట్టేసింది.